మూడు రాజధానులు చూచిన ప్రతినిధి

శాసన మండలిలో సభ్యుని పదవీకాలం ఆరు సంవత్సరాలు. రెండేండ్ల కొకసారి సభ్యులలో మూడవ వంతు విరమిస్తారు. అట్లు విరమించేవారిని గూర్చి తోటివారు నాలుగు మంచి మాటలు పలికి సాగనంపడం సభామర్యాద. శాసన సభలో ఈ ఏర్పాటు లేదు. గడువు తీరగానే సభ మొత్తం రద్దవుతుంది. సభ్యులందరూ ఒక్కనాడే మాజీలవుతారు. మళ్ళీ గెలిచినవారు వచ్చి తమ స్థానాలలో కూర్చుంటారు. రానివారిని తలచుకొనే తీరిక ఆనాడు ఎవరికీ ఉండదు. ఇరువది సంవత్సరాలు సేవ చేసినవారి కైనా ఇంతే. కనుక వారిని గౌరవించే బాధ్యత చరిత్ర చదువుకొనే మనమీద పడుతున్నది.

శ్రీ వావిలాల గోపాలకృష్ణయ్యగారు అటువంటి ప్రజాప్రతినిధి. 1906 సెప్టెంబరు 17న సత్తెనపల్లిలో జన్మించినారు. స్వాతంత్ర్యోద్యమంలో కారాగారవాసం చేసినారు. 1952లో సత్తెనపల్లి నుండి ఎన్నికై, మద్రాసులోని శాసనసభలో ప్రవేశించినారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించగా తక్కిన తెలుగు సభ్యులతో పాటు కర్నూలు చేరినారు. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒక్క వోటు తేడాతో పడిపోయినది, సభ రద్దయినది. 1955 ఎన్నికలలో సత్తెనపల్లి ప్రజలు ఆయననే మరల పంపినారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, సభ హైదరాబాదుకు తరలినది. 1957లో తెలంగాణ ప్రాంతంలో మాత్రమే శాసనసభకు ఎన్నికలు జరిగినందువల్ల ఆంధ్ర ప్రాంత సభ్యులు 1962 వరకు కొనసాగినారు. 1962లోను, 1967లోను ఆయన స్వతంత్ర అభ్యర్థిగా గెలిచినారు. ఈ విధంగా ఒకే నియోజకవర్గం పక్షాన మూడు రాజధానులలో మాట్లాడే అవకాశం ఆయనకు లభించినది.

స్వతంత్ర సభ్యుని వెనుక పార్టీ బలం ఉండదు. మంత్రిపదవి వచ్చే ఆశా ఉండదు. అతని చేతిలో ఉన్న సాధనాలు రెండే: విషయాన్ని శ్రద్ధగా చదువుకొనడం, విడువకుండా ప్రశ్నించడం. గోపాలకృష్ణయ్యగారు ఈ రెంటినీ ప్రధానంగా రెండు సమస్యలపై వినియోగించినారు. ఒకటి నీరు, రెండవది భాష.

పల్నాటి రైతుకు కృష్ణానది కంటికి కనిపించేది. పొలానికి మాత్రం అందేది కాదు. నది లోతున పారుతుంటే, గట్టుమీది చేలు వానకోసం ఆకాశం వంక చూచేవి. మద్రాసు ప్రభుత్వం కృష్ణా-పెన్నా పథకం తలపెట్టి, కృష్ణాజలాన్ని దక్షిణానికి మళ్ళించబూనినప్పుడు తెలుగు జిల్లాలలో ఆందోళన రేగినది. నందికొండ వద్దనే ఆనకట్ట కట్టవలెనని కోరినవారిలో గోపాలకృష్ణయ్యగారు ముఖ్యులు. 1952లో ఖోస్లా సంఘం నందికొండకే మొగ్గు చూపినది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడుదల చేసినారు. అంత పెద్ద కట్టడం ఏ ఒక్కరివల్లనూ రాదు. ముక్త్యాల రాజాగారి పట్టుదల, ఇంజనీర్ల నేర్పు, రాయి మోసిన వేలాది కూలీల చెమట అందులో ఉన్నవి. అయినా తన ఊరివారి దాహాన్ని సభకు విన్నవించిన ప్రతినిధికి కూడా అందులో భాగం ఉన్నది.

రెండవది భాష. రేడియోలో మాట్లాడే మావంటివారికి ఈ సంగతి తెలియజెప్ప నక్కరలేదు. వినేవారికి అర్థం కానప్పుడు మేము పలికినది పలకనట్లే. ప్రభుత్వం మాటకూ ఇదే ధర్మం వర్తిస్తుంది. భూమిశిస్తు తాఖీదు ఇంగ్లీషులో వస్తే, చదివించుకొనడానికి రైతు మరొకరి గుమ్మం ఎక్కవలసినదే. చదివి చెప్పినవాని మాట నమ్మవలసినదే. 1966లో అధికార భాషా చట్టం వచ్చినది. చట్టం చేయడం ఒక ఎత్తు, కచేరీలలో గుమాస్తా చేత తెలుగులో వ్రాయించడం మరొక ఎత్తు. 1972తో గోపాలకృష్ణయ్యగారి శాసనసభా జీవితం ముగిసినది. ఆ తరువాత 1974లో అధికార భాషా సంఘం ఏర్పడగా, దాని తొలి అధ్యక్షులుగా ఆ రెండవ పనిని ఆయన తలకెత్తుకొన్నారు.

పదవి ముగిసినా ఆయన వేషం మారలేదు. ఖద్దరు బట్టలు, భుజాన చేసంచి, బస్సు ప్రయాణం. సభలో ఉన్న నాడూ అంతే, లేని నాడూ అంతే. 1992లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో ఆయనను గౌరవించినది. 2003 ఏప్రిల్ 29న, తొంబదియారేండ్ల వయస్సులో కన్నుమూసినారు.

పూలదండ సాయంకాలానికి వాడిపోతుంది. శాలువ పెట్టె చేరుతుంది. ఆయన ఎత్తుకొన్న పనులలో నీటి పని చాలవరకు నెరవేరినది. భాష పని పూర్తి అయినదని మాత్రం నేటికీ ఎవరూ అనలేరు. 2014లో ఒక రాష్ట్రం రెండయినది; రెండింటా తెలుగువారే ఉన్నారు, రెండింటా కచేరీలు ఉన్నవి. ఆ కచేరీల నుండి వచ్చిన కాగితాన్ని ఒక పల్లెటూరి ఇల్లాలు ఎవరినీ అడుగకుండా తానే చదువుకొని, తన హక్కేమిటో తెలుసుకొన్ననాడు, గోపాలకృష్ణయ్యగారికి వీడ్కోలు సన్మానం జరిగినట్లు.