కాలు తీస్తే కారు ఆగాలా? - ఎలక్ట్రిక్ కార్లలో రీజెనరేటివ్ బ్రేకింగ్

ఇండియా నుంచి అమ్మా నాన్నా వచ్చారు. కొత్త ఎలక్ట్రిక్ కారులో అందరూ గుడికి బయల్దేరారు. పది నిమిషాలు గడవకుండానే వెనక సీట్లోంచి అమ్మ, "కడుపులో తిప్పుతోందిరా, కాస్త మెల్లగా పోనీ" అంది. మీరు మెల్లగానే పోతున్నారు. సంగతేమిటంటే, మీరు గ్యాస్ పెడల్ మీంచి కాలు తీసిన ప్రతిసారీ ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు కారు నెమ్మదిస్తోంది. దీన్నే రీజెనరేటివ్ బ్రేకింగ్ అంటారు. అది ఎంత గట్టిగా పట్టాలన్నది చాలా కార్లలో మనమే నిర్ణయించుకోవచ్చు.

అసలు జరిగేదేమిటి?

తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డ్రైవరు చిన్న గేరు వేసి బ్రేకు మీద భారం తగ్గిస్తాడు. అక్కడ ఇంజను బండిని పట్టి ఉంచుతుంది, శక్తి వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ కారులో ఆ పని మోటారు చేస్తుంది. చక్రాలు మోటారును తిప్పితే అది జనరేటరుగా మారి కరెంటును బ్యాటరీకి పంపుతుంది, కారు నెమ్మదిస్తుంది. బ్రేకు ప్యాడ్ల అరుగుదల కూడా తగ్గుతుంది.

కంపెనీకో పద్ధతి

2008లో వచ్చిన టెస్లా రోడ్‌స్టర్, 2014లో అమెరికాకు వచ్చిన బీఎండబ్ల్యూ ఐ3 ఒక దారి పట్టాయి: కాలు తీస్తే చాలు, గట్టిగా పట్టేస్తాయి. 2019లో వచ్చిన పోర్షే టైకాన్‌ది ఇంకో దారి. కాలు తీస్తే మామూలుగా జారుతూ పోతుంది, బ్రేకు తొక్కినప్పుడే ప్రధానంగా కరెంటు వెనక్కి తీసుకుంటుంది. మధ్యేమార్గం వాళ్ళూ ఉన్నారు. షెవ్రొలే బోల్ట్‌లో స్టీరింగు వెనక ఎడమవైపు ఒక ప్యాడిల్ ఉంది. నిస్సాన్ లీఫ్‌లో 2018 మోడల్ నుంచి ఈ-పెడల్ స్విచ్ వచ్చింది. హ్యుందాయ్ అయానిక్ 5లో ప్యాడిల్స్‌తో ఒక్కొక్క మెట్టూ పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

టెస్లా మొదట్లో "స్టాండర్డ్", "లో" అని రెండు సెట్టింగులు ఇచ్చేది. 2020లో కొత్తగా తయారైన కార్లలో "లో" తీసేయడం చాలామందికి నచ్చలేదు. 2023 మే నెలలో చైనా ప్రభుత్వ నియంత్రణ సంస్థ సుమారు 11 లక్షల టెస్లా కార్లకు రీకాల్ ప్రకటించింది. బ్రేకింగ్ తీవ్రతను ఎంచుకునే వీలు డ్రైవరుకు లేకపోవడం వల్ల, బ్రేకు అనుకుని గ్యాస్ పెడల్ తొక్కే ప్రమాదం పెరగవచ్చన్నది అక్కడి వాదన. ఇంటర్నెట్ ద్వారా సాఫ్ట్‌వేర్ పంపి సరిచేశారు.

ఎవరికి ఏది నప్పుతుంది?

ఆఫీసు వేళ ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ పోయేవారికి ఒక్క పెడల్ పద్ధతి హాయి, కాలు అటూ ఇటూ మార్చే పని ఉండదు. ఖాళీ ఫ్రీవే మీద తక్కువ సెట్టింగు మేలు. జారుతూ పోయే కారు శక్తిని నేరుగా వాడుకుంటుంది. బ్యాటరీలోకి పంపి మళ్ళీ తీస్తే ప్రతిసారీ కొంత నష్టమే. అంచేత "గట్టి సెట్టింగు పెడితే మైలేజీ తప్పకుండా పెరుగుతుంది" అన్నది పూర్తి నిజం కాదు. పైగా లీఫ్, అయానిక్ వంటి చాలా కార్లలో బ్రేకు పెడల్ తొక్కినా ముందు మోటారే పట్టుకుంటుంది.

ఈ మూడు సంగతులు మరచిపోవద్దు

1. బ్రేకు లైట్లు: సర్వీసు బ్రేకు వేస్తే లైట్లు వెలగాలని అమెరికా ఫెడరల్ నియమం. మోటారుతో నెమ్మదించినప్పుడు వెలిగించవచ్చు అంటుందే గాని, తప్పనిసరి చేయదు. కొన్ని హ్యుందాయ్, కియా కార్లు గట్టిగా నెమ్మదిస్తున్నా, పెడల్ మీంచి కాలు పూర్తిగా తీసేదాకా లైట్లు వెలగడం లేదని 2023లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక బయటపెట్టింది.

2. చలి, నిండు బ్యాటరీ: బ్యాటరీ బాగా చల్లబడి ఉన్నా, నూరు శాతం నిండి ఉన్నా కరెంటును తీసుకోలేదు. షికాగోలోనో మినియాపొలిస్‌లోనో జనవరి ఉదయం గరాజ్‌లోంచి తీసిన కారు, నిన్న సాయంత్రం ఆగినట్టు ఆగకపోవచ్చు. కాలు బ్రేకు దగ్గరే ఉంచండి.

3. మంచు: జారే రోడ్డు మీద ఒక్కసారిగా కాలు తీస్తే, రెండు చక్రాలనే మోటారు తిప్పే కార్లలో ఆ చక్రాలు పట్టు తప్పే ప్రమాదం ఉంది. సెట్టింగు తగ్గించండి, కాలు నెమ్మదిగా తీయండి.

చివరగా

ఒకే కారును భార్యాభర్తలు, కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్లలు కలిసి నడిపే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. నాన్న మార్చిన సెట్టింగు తెలియక, అలవాటు కొద్దీ కాలు తీసి కారు ఆగుతుందని ఎదురుచూసే కూతురికి ఆ ఒక్క సెకను చాలా ఖరీదు కావచ్చు. డ్రైవర్ ప్రొఫైల్ ఉంటే ఎవరిది వారికి పెట్టుకోండి. లేకపోతే అందరూ ఒకే సెట్టింగుకు అలవాటు పడండి. అద్దె కారు తీసుకున్నప్పుడు పార్కింగ్ లాట్‌లోనే రెండుసార్లు కాలు తీసి చూడండి. పెద్దవాళ్ళు వెనక కూర్చున్న రోజు మాత్రం ఒక మెట్టు తగ్గించండి. మీకు పోయే మైలేజీ స్వల్పం, అమ్మ ప్రయాణం సుఖంగా సాగుతుంది.