గల్ఫ్‌లో కాగితాలు లేవు.. హెచ్‌ఐవీ ఉందేమోనని భయం.. ‘ఖల్లివెల్లి’ కార్మికులు ఏం చేయాలి?

గల్ఫ్‌కు వెళ్లాలంటే ముందు మెడికల్‌లో ఫిట్ అవ్వాలి. రక్త పరీక్షలో హెచ్‌ఐవీ పాజిటివ్ వస్తే ‘అన్‌ఫిట్’.. వీసా రాదు. మరి అక్కడికి వెళ్లాక వైరస్ సోకితే? అప్పటికే చేతిలో కాగితాలు కూడా లేకపోతే? అసలు సమస్య ఇక్కడే మొదలవుతోంది.

ఎవరీ ఖల్లివెల్లి?

వీసా గడువు దాటినా అక్కడే ఉండిపోయినవాళ్లు, జీతం ఇవ్వని కఫీల్ దగ్గర నుంచి బయటపడినవాళ్లు, విజిట్ వీసాపై వెళ్లి పనిలో చేరినవాళ్లు.. వీళ్లందర్నీ మనవాళ్లు ‘ఖల్లివెల్లి’ అంటారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కడప, కోనసీమ వైపు గల్ఫ్ కుటుంబాలకు ఈ మాట కొత్తేం కాదు. కఫీల్ ‘పరారీ’ కేసు పెడితే చాలు, అప్పటిదాకా లీగల్‌గా ఉన్న మనిషి కూడా ఇల్లీగల్ అయిపోతాడు.

టెస్టుకు ఎందుకు వెళ్లరు?

గల్ఫ్ దేశాల్లో విదేశీ కార్మికుడికి పాజిటివ్ వస్తే సాధారణంగా దక్కేది చికిత్స కాదు, డిపోర్టేషన్. మళ్లీ వెళ్లే దారీ దాదాపు మూసుకుపోతుంది. పైగా ఆస్పత్రిలో ఐడీ అడుగుతారు, పోలీసులకు దొరికిపోతామన్న భయం. అందుకే జ్వరమొచ్చినా, బరువు తగ్గినా మెడికల్ షాపు మాత్రలతోనే నెట్టుకొస్తారు. హెచ్‌ఐవీ ఏళ్ల తరబడి లక్షణాలు లేకుండా ఉండొచ్చు. ఈలోగా రోగనిరోధక శక్తి తగ్గి టీబీ లాంటివి ముదురుతాయి. తెలియకుండానే భాగస్వామికీ వైరస్ సోకే ప్రమాదం ఉంది.

వలస వచ్చినవాళ్లే రోగం మోసుకొస్తారా?

ఇది అపోహ. యూరప్‌లో హెచ్‌ఐవీ ఉన్న వలసదారులపై జరిగిన ఓ అధ్యయనంలో, సగం మందికి పైగా అక్కడికి వెళ్లాకే వైరస్ సోకినట్లు అంచనా వేశారు. ఇంగ్లండ్ అయితే 2012 అక్టోబర్ 1 నుంచి కాగితాలు లేనివాళ్లకూ హెచ్‌ఐవీ చికిత్స ఉచితంగా ఇస్తోంది. ఒకరికి మందు అందితే మరొకరికి సోకదు అన్నదే లెక్క.

ఇంటికి వస్తే దారి ఏంటి?

పాస్‌పోర్ట్ లేకపోయినా భారత ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్‌తో రావచ్చు. క్షమాభిక్ష ప్రకటించినప్పుడు జరిమానా, జైలు లేకుండా బయటపడే వీలుంటుంది. యూఏఈ 2024లో ఇలాంటి అవకాశమే ఇచ్చింది.

ఇక్కడికి వచ్చాక..

* ప్రభుత్వ ఆస్పత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో టెస్టు ఉచితం, వివరాలు గోప్యం.
* సోకిన కొత్తలో నెగెటివ్ రావచ్చు. అనుమానం ఉంటే 3 నెలల తర్వాత మళ్లీ చేయించుకోవాలి.
* ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ఉచితం. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ ఇస్తున్నారు.
* భార్యకూ టెస్టు తప్పనిసరిగా చేయించాలి. గర్భిణి అయితే మందులతో బిడ్డకు సోకే ముప్పు బాగా తగ్గుతుంది.
* 2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, ఈ కారణంతో ఉద్యోగంలోంచి తీసేయడం, చికిత్స నిరాకరించడం నేరుగా చట్టవిరుద్ధమైన వివక్షే.

మందులు రోజూ వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గి అలాగే ఉంటే లైంగికంగా మరొకరికి సోకదు. మామూలుగా పని చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు. ప్రమాదమంతా ఆలస్యంలోనే ఉంది. సందేహాలుంటే టోల్‌ఫ్రీ నంబర్ 1097కు కాల్ చేయొచ్చు.