సీసాడు నీళ్లు, సరైన ప్రశ్న

కొల్లేటి పక్క ఊళ్లలో చేపల చెరువు రైతుకి తెల్లారగట్లే మెలకువ వచ్చేస్తుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే నీటిలో ఆక్సిజన్ తగ్గిందని గుర్తు. రాత్రిపూట నీటిలోని పచ్చపాచి కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి తెల్లారేసరికి ఆక్సిజన్ అడుగంటుతుంది. ఇంకేదో తేడా ఉందని అనుమానం వస్తే రైతు సీసాడు నీళ్లు పట్టుకుని ల్యాబ్‌కి బయల్దేరతాడు. ఎన్నెకరాల చెరువు, ఏ మేత, ఎంత వేశారు, నీళ్లు ఎప్పుడు మార్చారు, చేప ఎప్పట్నుంచి నీరసంగా ఉంది అని అక్కడివాళ్లు అడుగుతారు. రైతు అన్నీ వరసగా చెప్తాడు. “చెరువు బాగోలేదండి” అని ఒక్క మాట చెప్పి ఊరుకున్న రైతుని నేనింతవరకూ చూడలేదు.

తాడేపల్లిగూడెంలో ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లల నుంచి నాకొచ్చే మెసేజ్‌లు ఇంకోలా ఉంటాయి. “సార్, డౌట్ ఉంది.” అరగంట పోయాక, “ప్రోగ్రాం రన్ అవ్వట్లేదు సార్, అర్జెంట్.” కింద వంకరగా తీసిన స్క్రీన్ ఫొటో ఒకటి. దాని మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడి, చూడాల్సిన ఎర్రర్ లైనే కనపడదు. వీళ్లలో చెరువు రైతుల పిల్లలూ ఉన్నారు. కంప్యూటర్ దగ్గరా అడగడానికి ఒక పద్ధతి ఉందని వాళ్లకి చెప్పినవాళ్లు లేరు, అంతే. ఆ పద్ధతి ఒక్కరోజులో పుట్టింది కాదు. నలభై ఏళ్లుగా ఎందరో విసిగి, ఆలోచించి, సరిదిద్దుకుంటూ తయారుచేసుకున్నది.

1979లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లకి ఒక ఆలోచన వచ్చింది. ఫోన్ లైన్ మీద ఒక యూనివర్సిటీ కంప్యూటర్ ఇంకోదానికి సందేశాలు అందించాలి, ఒకరు రాసింది అందరూ చదవాలి. అదే యూజ్‌నెట్. అందులో జవాబులు చెప్పేవాళ్లకి జీతం లేదు. తెలిసింది చెప్పాలన్న ఇష్టమే వాళ్లతో రాయించేది.

కానీ అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ ఇష్టం ఎన్నాళ్లు నిలుస్తుంది? నాసాలో పనిచేసే యూజీన్ మియాకి 1980ల మొదట్లో ఈ ఇబ్బందే ఎదురైంది. అంతరిక్షం గురించి చర్చించుకునే ఒక మెయిలింగ్ బృందం కోసం, తరచూ వచ్చే ప్రశ్నల్నీ జవాబుల్నీ ఒకచోట చేర్చి, క్రమం తప్పకుండా పంపడం మొదలుపెట్టారు. ఇవాళ బ్యాంకు నుంచి రైల్వే దాకా ఎన్నో వెబ్‌సైట్లలో కనిపించే ఎఫ్ఏక్యూ అలా మొదలైంది. అడిగేముందు వెతకాలన్న మొదటి మర్యాద దానితోనే వచ్చింది.

ఏటా సెప్టెంబర్‌లో యూనివర్సిటీల్లో కొత్త బ్యాచ్ చేరగానే యూజ్‌నెట్‌లో గందరగోళం మొదలయ్యేది. నెలా రెండు నెలల్లో పాతవాళ్లని చూసి కొత్తవాళ్లు దారిలో పడేవారు. 1993 తర్వాత ఇంటింటికీ కనెక్షన్లు రావడంతో కొత్తవాళ్ల రాక ఇక ఆగలేదు. ఆ సెప్టెంబర్ ముగియనే లేదని పాతవాళ్లు చెప్పుకునేవారు. చూసి నేర్చుకునే తీరిక పోయింది కాబట్టి మర్యాదని కాగితం మీద పెట్టాల్సి వచ్చింది. 1995 అక్టోబర్‌లో ఇంటెల్ ఉద్యోగి శాలీ హాంబ్రిడ్జ్ ఇంటర్నెట్ మర్యాదల పత్రం ఒకటి రాశారు.

ప్రోగ్రామర్ల ప్రశ్నలకి అసలు రూపం ఇచ్చినవి తర్వాతి రెండు వ్యాసాలు. పుట్టీ అనే సాఫ్ట్‌వేర్ చేసిన సైమన్ టాథమ్ 1999లో, బగ్ గురించి ఎలా చెప్పాలో రాశారు. ఏం చేశావు, ఏం జరగాలనుకున్నావు, ఏం జరిగింది అన్నవి విడివిడిగా చెప్పమన్నారు. ఎర్రర్ మెసేజ్‌ని ఉన్నదున్నట్టు ఇవ్వమన్నారు. 2001లో ఎరిక్ రేమండ్, రిక్ మోయెన్ ప్రశ్న అడిగే తీరు మీదే పెద్ద వ్యాసం రాశారు. ఊహలు కాదు, లక్షణాలు చెప్పాలి. మధ్యలో తట్టిన ఉపాయం గురించి మాత్రమే కాక, చివరికి సాధించాలనుకున్నదేమిటో చెప్పాలి. అర్జెంట్ అనకూడదు. సమస్య తీరాక ఎలా తీరిందో రాయాలి.

2008లో జోయెల్ స్పోల్‌స్కీ, జెఫ్ అట్‌వుడ్ స్టాక్ ఓవర్‌ఫ్లో తెరిచారు. సమస్య కనిపించేంత చిన్న కోడ్ ముక్క ఇవ్వమన్న నియమం అక్కడ బాగా స్థిరపడింది. చెరువంతా మోసుకురానక్కర్లేదు, సీసాడు నీళ్లు చాలు. అయితే నియమాలు పెరిగేకొద్దీ కసురుడూ పెరిగింది. కొత్తవాళ్లకి తమ దగ్గర ఆదరణ లేదని 2018లో ఆ సంస్థే ఒప్పుకుని, ప్రవర్తనా నియమావళి తెచ్చింది. మర్యాద అడిగేవాడికే కాదు, చెప్పేవాడికీ ఉండాలని అందరికీ తెలిసొచ్చింది.

చెప్పేవాడి మర్యాద అనే ఈ రెండో సగం తెలుగువాళ్లకి కొత్త కాదు. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలో అందరూ కూర్చుని మాట్లాడుకునే చోటుకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. కొత్తగా చేరినవాళ్లకి ముందు స్వాగతం చెప్పి, సహాయం ఎక్కడ అడగాలో చూపిస్తారు. రచ్చబండ దగ్గర పెద్దలుంటారు, కానీ అక్కడ కూర్చునే హక్కు ఊరందరిదీ.

మన పిల్లలకి ఇంకో చిక్కుంది. మనకి డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న. అదే మాట ఇంగ్లీషులో అమెరికా మనిషికి రాస్తే, చెప్పింది నమ్మట్లేదన్నట్టు ఉంటుంది. పైగా “అడగొచ్చా సార్?” అని అనుమతి కోసం కూర్చోవడం మన ఇళ్లలో వినయం. ఎదురుగా లేని మనిషికి అది రెండుసార్లు ఎదురుచూపు. నేరుగా ప్రశ్నే రాసెయ్యడం అక్కడ మర్యాద.

మొన్నొక అబ్బాయి తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో బస్తాల లెక్కకని పైథాన్‌లో ప్రోగ్రాం రాశాడు. రెండొందల లైన్లు. “లెక్క తప్పొస్తోంది సార్” అన్నాడు. తప్పు కనిపించేంత వరకే ఉంచి, మిగతాది తీసేసి, ప్రశ్న మళ్లీ రాయమన్నాను. నాలుగు లైన్లు మిగిలాయి. కింద ఇలా రాశాడు: “పొద్దున 5 బస్తాలు, సాయంత్రం 7 ఇచ్చాను. 12 రావాలి. 57 వస్తోంది.” ఆ 57 రాస్తుండగానే తెలిసింది వాడికి, కంప్యూటర్ కూడట్లేదు, అంకెల్ని పక్కపక్కన అతికిస్తోందని. టైప్ చేసింది పైథాన్‌కి అక్షరాలుగానే అందుతుంది, కూడేముందు సంఖ్యగా మార్చాలి. ప్రశ్న ఇంకా పంపనేలేదు, జవాబు దొరికేసింది.

అయినా ఆ ప్రశ్ననీ దాని కింద జవాబునీ క్లాస్ గ్రూపులో పెట్టమన్నాను. ల్యాబ్‌లో తెలిసిన సంగతి రైతు పక్క చెరువు వాళ్లకి చెప్పకుండా ఉండడు కదా. “ఎవరికైనా 57 వస్తే ఇది చూడండి” అని పైన రాసి పెట్టాడు.