వాడుకరియు శుద్ధపత్రమును: ‘టెక్’ చరిత్రమున ఒక పరిశీలన

అచ్చయిన గ్రంథము చివర శుద్ధపత్రము చేర్చుట మనకు చిరపరిచితమైన యాచారము. రచయిత పలుమారులు దిద్దిన పుటలోనే పాఠకుడు తొలిచూపున తప్పును పట్టుకొనుటయు మనమెరిగినదే. రచయిత తాను వ్రాయదలచినదానిని చదువును. పాఠకుడు వ్రాయబడినదానిని చదువును. సాఫ్ట్‌వేర్ నిర్మాణమున బీటా పరీక్షకు మూలమీ భేదమే. నిర్మాతలు తమలో తాము జరుపుకొను పరీక్షకు గ్రీకు వర్ణమాలలోని మొదటి యక్షరమును బట్టి ఆల్ఫా యనియు, తుది విడుదలకు ముందు వెలుపలి వాడుకరులచే జరిపించు పరీక్షకు రెండవ యక్షరమును బట్టి బీటా యనియు పేర్లు. ఈ రెండవ పరీక్షలో వాడుకరి స్థానమెట్టిది? ఈ ప్రశ్నకు ‘టెక్’ అను అక్షరకూర్పు ప్రోగ్రాము చరిత్ర చక్కని సమాధానము నొసగుచున్నదని మేము తలంచుచున్నాము.

1977లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాచార్యుడు డొనాల్డ్ క్నూత్, తన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ రెండవ సంపుటపు ప్రూఫులలో అక్షరముల తీరు నచ్చక, తానే యొక ప్రోగ్రాము రచింపబూనెను. 1978లో అది పనిచేయసాగెను. తొలి వాడుకరి ఆయనయే. ఆ సంపుటమును దానితోనే కూర్చుచు, కనబడిన ప్రతి దోషమును ఒక చిట్టాలో వ్రాసికొనెను. కాని ఇతరులు వాడనారంభించిన పిమ్మట ఆయన యూహింపని అవసరములును చిక్కులును బయల్పడినవి. 1980లో వాడుకరుల సంఘ మేర్పడెను. నాలుగేండ్ల యనుభవమును బట్టి క్నూత్ ప్రోగ్రామును సమూలముగ తిరుగ వ్రాసి 1982లో వెలువరించెను. పేరేదైనను, ఇందు జరిగిన కార్యము బీటా పరీక్షయే.

ఈ చరిత్రలో రెండంశములు విశేషముగ గమనింపదగినవి. మొదటిది దోషముల నమోదు. 1989లో ‘ది ఎర్రర్స్ ఆఫ్ టెక్’ అను వ్యాసమున క్నూత్ పదేండ్ల చిట్టా నంతయు అనుబంధముగ ప్రకటించెను. అందు 850కి పైబడిన పద్దులు 15 తరగతులుగ విభజింపబడినవి. వానిలో స్వల్పమైన అక్షరదోషములు మొదలు రచయిత మరచిన ముఖ్యాంశముల వరకు కలవు. రెండవది వాడుకరికి దక్కిన గుర్తింపు. దోషము చూపినవారికి ఆయన పారితోషికము నొసగెను. అది యేటేట రెట్టింపై 327 డాలర్ల 68 సెంట్ల వద్ద నిలిచినది. చెక్కులను బ్యాంకున మార్చుకొనక పటము కట్టించుకొన్నవారును కలరు. వారికి ధనముకంటె గౌరవమే మిన్న యని దీనివలన తెలియుచున్నది.

వాడుకరి తప్పులు చూపుటతో ఆగలేదు. 1989లో స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన సంఘ సమావేశమున, 128 సంకేతములు తమ భాషలకు చాలవని ఐరోపా వాడుకరులు వాదించిరి. తన పని ముగిసినదని యెంచిన క్నూత్ వారి మాట మన్నించి, 1990లో 256 సంకేతములకును, ఒకే పత్రమున పలుభాషల పదవిభజనకును చోటిచ్చెను. అటుపిమ్మట ప్రతి సవరణకును కూర్పు సంఖ్య ‘పై’ విలువకు ఒక్కొక్క యంకె చేరువగుచు, 2021 నాటికి 3.141592653 అయినది.

దీనికి భిన్నమైన పరిస్థితియు కలదు. గూగుల్ సంస్థవారి జీమెయిల్ 2004 ఏప్రిల్ మొదలు 2009 జూలై వరకు కోట్ల మంది నిత్యము వాడుచుండగనే బీటా యను పేరుతో నుండెను. ఇట్టిచోట ఆ పదము పరీక్షను గాక, ‘తప్పులున్న మన్నింపుడు’ అను విన్నపమును మాత్రమే సూచించును.

కావున బీటా పరీక్ష ఉభయపక్షముల బాధ్యత యని మా యభిప్రాయము. వాడుకరి చూపిన దోషమును నిర్మాత నమోదు చేసి, దిద్ది, చూపినవానిని గుర్తింపవలెను. ఈ మూడును లేనిచో వాడుకరి వెట్టిచాకిరి చేసినవాడగును. సాఫ్ట్‌వేర్ చరిత్ర వ్రాయబూను పరిశోధకులు విడుదల తేదీలతో తృప్తిపడక ఇట్టి దోషపట్టికలను ముందుగ పరిశీలింతురుగాక. నిర్మాతయు వాడుకరియు కలిసి పనిచేసిన జాడలు అందే కలవు.