మంచె ముందొచ్చింది, తాడు తర్వాతొచ్చింది

నవంబరు 15 దగ్గర పడేకొద్దీ మిషిగన్‌లో ఆఫీసులు ఎలా పల్చబడతాయో అక్కడ పనిచేసిన మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. తుపాకీతో జింకల వేట మొదలయ్యేది ఆ రోజే. కొన్ని ఊళ్ళలో బళ్ళకి కూడా సెలవిచ్చేస్తారు. ఆ వారం ముందు నుంచీ లంచ్ దగ్గర తుపాకుల గురించి మాట్లాడుకుంటారేమో అనుకుంటాం కదా, కాదు. ఎక్కువ చర్చ ట్రీ స్టాండ్ గురించి. ఎన్ని పౌన్లు, ఎంత ఎత్తు, ఏ చెట్టుకి కట్టాలి, కొత్తది కొనాలా పాతదాంతో సరిపెట్టుకోవాలా.

ట్రీ స్టాండ్ అంటే మన మంచే. జొన్న చేలో పిట్టలు తోలడానికి వేసుకునేది. మన మంచె, మంచం, హిందీవాళ్ళ మచాన్ అన్నీ సంస్కృతం 'మంచ'కి చుట్టాలే. ఆ మచాన్ ఇంగ్లీషు వేట పుస్తకాల్లోకి అలాగే ఎక్కేసింది. (ఇంకో మాట. అక్కడ వేటాడేది తెల్లతోక జింకని. ఏటా రాలి మళ్ళీ మొలిచే కొమ్ముల్ని బట్టి చూస్తే దుప్పి అనాలి. కానీ అందరం జింకే అంటాం కాబట్టి నేనూ అదే అంటాను.)

వేట తప్పా ఒప్పా అన్న గొడవలోకి నేను దిగట్లేదు. మన దేశంలో 1972 చట్టంతో ఆ తలుపు మూసేశారు, మంచి పని చేశారు. అమెరికా కథ వేరు. 1900 నాటికి తెల్లతోక జింకలు దేశం మొత్తమ్మీద మూణ్ణాలుగు లక్షలే మిగిలాయని అంచనా. జార్జియా కొండల్లోనైతే అసలు లేకుండా పోయాయి. ఆర్థర్ వుడీ అనే ఫారెస్ట్ రేంజరు 1920ల చివర్లో జింక పిల్లల్ని తెచ్చి, పెంచి, అడవిలో వదిలాడు. అక్కడి చివరి జింకని చంపింది తన తండ్రేనని ఆయన చెప్పుకునేవాడట. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చి, తుపాకులూ తూటాల మీద వేసే పన్ను డబ్బుని వన్యప్రాణుల సంరక్షణకి మళ్ళించింది. ఇప్పుడు జింకలు సుమారు మూడు కోట్లు. పెరట్లో మొక్కలు తినేస్తున్నాయని మనవాళ్ళే తిట్టుకుంటున్నారు.

జింకలు పెరిగాయి సరే, మనిషి చెట్టెందుకు ఎక్కాడు? తుపాకీవాడికి అంత అవసరం లేదు, వంద గజాల నుంచి కొడతాడు. అసలు మిషిగన్ లాంటి చోట్ల తుపాకీతో చెట్టెక్కి వేటాడటం ఒకప్పుడు నిషేధం కూడా. చెట్టు అవసరం విల్లువాడిది. వాడు ఇరవై ముప్ఫై గజాల్లోకి రానివ్వాలి. నేల మీద కూర్చుంటే అంత దూరంలో జింక వాసన పట్టేస్తుంది, లేదా విల్లు లాగుతుంటే చూసేస్తుంది. పదిహేను, ఇరవై అడుగుల ఎత్తులో ఉంటే వాసన కొంత పైనుంచి పోతుంది, కదలిక కొంత దాగుతుంది. ఇది పాత రహస్యమే. కానీ మామూలు విల్లు పట్టడానికి ఏళ్ళ సాధన కావాలి కాబట్టి ఆ వేటగాళ్ళు తక్కువమంది. మిస్సోరీకి చెందిన హాలెస్ విల్బర్ అలెన్ తయారుచేసిన కాంపౌండ్ విల్లుకి 1969లో పేటెంటు వచ్చింది. చివర్లలో చక్రాలుంటాయి, పూర్తిగా లాగాక బరువు తగ్గిపోతుంది, జింక తిరిగేదాకా ఓపిగ్గా పట్టుకుని ఉండొచ్చు. దాంతో శని ఆదివారాల వేటగాళ్ళు కూడా విల్లు పట్టారు. విల్లు పట్టినవాడల్లా చెట్టెక్కాడు.

ఇక్కడ మన మచాన్‌కీ వాళ్ళ స్టాండుకీ తేడా చూడండి. జిమ్ కార్బెట్ 1926 మే 2న రుద్రప్రయాగ చిరుతని గోలాబ్రాయ్ దగ్గర మామిడిచెట్టు మీది మచాన్ నుంచే కాల్చాడు. తెల్లదొరల కాలంలో మచాన్ అంటే ఊళ్ళోవాళ్ళు కట్టిపెట్టేది. కర్రలు, తాళ్ళు, మోసే మనుషులు, అన్నీ అక్కడే దొరికేవి. దాన్ని వీపు మీద మోసుకుపోవాల్సిన అవసరం ఏ దొరకీ రాలేదు. అమెరికా ఫ్యాక్టరీ కార్మికుడికి కూలీలెక్కడివి? నాలుగు రోజుల సెలవు, ఒక్కడే మనిషి. మొదట్లో చెక్కలు తెచ్చి చెట్టుకి మేకులు కొట్టేవాడు. రెండేళ్ళకి చెక్క చీకిపోయేది, చెట్టు లావెక్కి మేకుల్ని వదులు చేసేది. పైగా మేకు దిగిన దుంగ రంపపు మిల్లులో పళ్ళు విరగ్గొడుతుంది. అందుకని చాలా ప్రభుత్వ అడవుల్లో మేకులు కొట్టొద్దన్నారు, స్టాండు పెట్టినా తర్వాత తీసేయాలన్నారు. అంటే మోసుకెళ్ళాలి, మోసుకురావాలి. అలా పుట్టింది పోర్టబుల్ ట్రీ స్టాండ్.

1970ల్లో బాగా అమ్ముడుపోయింది బేకర్ తరహా 'ఎక్కే మంచె'. ఇంజనీర్లకి ముచ్చటేసే వస్తువిది. చెట్టు చుట్టూ ఒక చట్రం. దాని మీద నిలబడితే మీ బరువుకే అది వాలి, వెనక ఉన్న అంచు బెరడులో దిగి బిగుసుకుంటుంది. బరువు తీస్తే వదులవుతుంది. చెట్టుని రెండు చేతులా కావలించుకుని, పాదాలతో చట్రాన్ని పైకి లాక్కుని, మళ్ళీ నిలబడాలి. అలా జానెడు జానెడుగా పైకి. మీ బరువే బ్రేకు అన్నమాట. మరి బరువు ఒక్క క్షణం పక్కకి ఒరిగితే? బెరడు నునుపుగా ఉంటే? మంచు పట్టి ఉంటే? బ్రేకు లేదు, ఇరవై అడుగుల కింద నేల ఉంది. డెమోలో అద్భుతంగా పనిచేసి ప్రొడక్షన్‌లో కూలిపోయే కోడ్ మనమందరం చూశాం, ఇక్కడ కూలేది మనిషి.

తర్వాత చేతులకి వేరే భాగం, కాళ్ళకి వేరే భాగం వచ్చాయి. రెంటినీ కలుపుతూ తాడు, కింది భాగం జారిపోయి మనిషి పైన వేలాడిపోకుండా. అల్యూమినియం వచ్చి బరువు ఇరవై పౌన్ల దగ్గరికి, అంటే తొమ్మిది కిలోలకి దిగింది. మొయ్యడం తేలికైంది, ఎక్కడం తేలికైంది, కూర్చోడానికి మెత్తటి సీటు కూడా వచ్చింది. పడితే ఏంటన్నదానికి మాత్రం నడుముకో బెల్టు. అది కూడా కొనుక్కున్నవాడికి.

ఎవరికీ తెలియక కాదు. 1979 నుంచి 1989 దాకా జార్జియాలో నమోదైన జింకల వేట గాయాల్లో మూడో వంతుకి పైగా ట్రీ స్టాండ్లవేనని 1989లోనే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తన వారపత్రికలో అచ్చేసింది. మెరిసే నారింజ రంగు చొక్కాలు, వేట శిక్షణ తరగతులు తూటా ప్రమాదాల్ని తగ్గించాయి. చెట్టు మీంచి పడ్డవాళ్ళని అవి ఏం ఆపుతాయి? వెన్నెముక విరిగినవాళ్ళు, నడుం కింద పడిపోయినవాళ్ళు. అడవిలో ఒంటరిగా, ఫోన్ చేతికందకుండా. పైగా ఆ నడుము బెల్టు మీద వేలాడినవాడికి ఊపిరాడక ప్రాణమ్మీదకొచ్చేది. తొడలకీ భుజాలకీ పట్టీలుండే ఫుల్ బాడీ హార్నెస్‌ని ప్రతి స్టాండుతో పాటు పెట్టెలో పెట్టివ్వాలని తయారీదార్ల సంఘం నియమం తెచ్చేసరికి 2000లు వచ్చాయి. చట్రం నుంచి పట్టీ దాకా ముప్ఫై ఏళ్ళు. నా లెక్కలో ఇది సిగ్గుపడాల్సిన ఆలస్యం. కంపెనీల్నే అనక్కర్లేదు, రెండు పౌన్ల బరువు తగ్గితే వంద డాలర్లు ఎక్కువిచ్చిన కొనుగోలుదారు, హార్నెస్‌ని పెట్టెలోనే వదిలేసి వెళ్ళాడు.

అందుకే ఎవరైనా ఏ స్టాండు కొనాలని అడిగితే నేను వెనకనుంచి మొదలెడతాను. ముందు హార్నెస్, దాంతోపాటు లైఫ్‌లైన్. ఎక్కువమంది పడేది కూర్చున్నప్పుడు కాదు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, నిచ్చెన మీంచి స్టాండు మీదకి కాలు మార్చేటప్పుడు. పైన నుంచి కిందదాకా వేలాడే తాడు, దాని మీద జరిగే ప్రూసిక్ ముడి (ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో చూపించినది) ఉంటే నేల మీంచే కట్టుకుని బయల్దేరొచ్చు. ఆ తర్వాత చెట్టు. జార్జియా పైన్ తోటల్లాగా నిటారుగా, కొమ్మల్లేకుండా ఉంటే ఎక్కే మంచె. మిషిగన్ ఓక్‌లాగా కొమ్మలుంటే కర్రమెట్లూ, వేలాడే మంచే. బెరడు పొరలుగా ఊడే హికరీ అయితే ఇంకో చెట్టు చూసుకోవడం మంచిది. స్టాండు బ్రాండు అన్నిటికన్నా ఆఖరు. పెట్టె మీద 300 పౌన్లు అని ఉంటే అందులో మీరు, కోటు, బూట్లు, సంచీ, విల్లు అన్నీ కలిపే. ఏడాదంతా బయట వదిలేసిన పట్టీలు ఎండకి పెళుసైపోతాయి, ఉడతలు కొరుకుతాయి, పెరిగే చెట్టు వాటిని సాగదీస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని కొనేముందు వినియోగదారుల భద్రతా కమిషన్ రీకాల్ జాబితా ఒకసారి చూడండి, పట్టీలు తెగి, అతుకులు ఊడి వెనక్కి పిలిపించినవి చాలానే ఉన్నాయి.

2010ల చివర్నుంచి విల్లువాళ్ళలో బాగా పాకింది 'శాడిల్' పద్ధతి. ఆలోచన పాతదే, ఇప్పుడు ఊపందుకుంది. ఇందులో సీటు లేదు. తొడలకీ నడుముకీ చుట్టుకున్న గుడ్డ ఉయ్యాల, చెట్టుకి కట్టిన తాడు, పాదాలు ఆనించడానికి పళ్ళెమంత చట్రం. ఉయ్యాల ఒక్కటీ కిలో అటూ ఇటూ. ఇన్నేళ్ళూ అదనపు బరువని పెట్టెలో వదిలేసిన తాడు మీదే ఇప్పుడు పూటంతా కూర్చుంటున్నారు.