డెక్కుతోపాటు అద్దెకెళ్ళిన కుర్రాడు

రాజోలు వైపు లంక ఊళ్ళలో ఎవరింటికైనా ‘టీవీ డెక్కు’ వస్తోందంటే, ఆ కబురు డెక్కుకన్నా ముందే ఊరు చేరేది. రిక్షాలో దుప్పటి కప్పిన కలర్ టీవీ, నా ఒళ్ళో క్యాసెట్లు ఆడించే డెక్కు, అంటే వీసీపీ, కాళ్ళ దగ్గర సంచీలో మూడు క్యాసెట్లు. రేవు దాటాల్సివస్తే పడవలో టీవీకి చోటిచ్చి మనుషులు నిలబడేవారు. టెన్త్ తప్పాక అమలాపురంలో ఒక వీడియో షాపులో రెండేళ్ళు పనిచేశాను. అద్దెకిచ్చిన డెక్కుతోపాటు వెళ్ళి, తెల్లవార్లూ కాపలా ఉండి, పొద్దున్నే తిరిగి తెచ్చే కుర్రాణ్ణి నేనే.

జపానులో జేవీసీ కంపెనీ 1976లో వీహెచ్‌ఎస్ క్యాసెట్టు తెచ్చింది. 1982 ఢిల్లీ ఏషియాడ్ నాటికి మన దేశంలో కలర్ టీవీ మొదలైంది. మా షాపులో మొదటి డెక్కు మాత్రం కువైట్ సరుకు. మలికిపురం, సఖినేటిపల్లి వైపు నుంచి అక్కడి ఇళ్ళలో పనికెళ్ళిన ఆడవాళ్ళలో ఒకావిడ తెచ్చుకుని, కూతురి పెళ్ళి ఖర్చుకి అమ్మేసింది. ఆవిడ ఎన్నాళ్ళ కష్టమో అది! దాని మీద మేం ఊళ్ళేలాం.

ఆ పెట్టె చేసిన మేలు తక్కువేమీ కాదు. రెండో ఆట చూసి కాలవగట్టు మీద చీకట్లో నడిచి రాలేని ఆడవాళ్ళు, పిల్లల తల్లులు పందిట్లో చాపలేసుకుని సినిమా చూశారు. కొత్తపేట దగ్గర ఒకింట్లో మంచం దిగలేని మామ్మగారి కోసం ‘మాయాబజార్’ వేశాను. 1957 నాటి సినిమా. ఘటోత్కచుడి భోజనం అయిపోగానే ఆవిడ, ‘మళ్ళీ తినిపించరా అబ్బాయ్’ అంది. రివైండ్ చేశాను. మూడుసార్లు తినిపించాను. ఏ హాల్లో ఆపరేటర్ వింటాడు ఆ మాట?

కానీ ఒకటి చెప్పాలి. హాల్లో నేల టిక్కెట్టు కొన్నవాడికి హక్కుగా దొరికే చోటు, డెక్కు దగ్గర దయగా దొరికేది. అరుగు మీద ఇంటివాళ్ళు, వాకిట్లో చుట్టాలు, పేట నుంచి వచ్చినవాళ్ళు దడి అవతల. నేను టీవీని కాస్త వీధివైపు తిప్పితే, ఇంటాయన చూసి మళ్ళీ లోపలికి తిప్పించేవాడు. అప్పుడు నాకది వింతగా తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బొమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. కాపీకి కాపీ తీసిన క్యాసెట్లలో హీరోయిన్ చీర రంగు పక్కకు కారిపోయేది. ‘ఏరా అబ్బాయ్, గీతలొత్తన్నాయేంటి?’ అని ఎవరో ఒకరు కేకేసేవారు. ‘ఆయ్, హెడ్డు పట్టేసిందండి’ అంటూ మూత విప్పి, స్పిరిట్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి, ట్రాకింగ్ మీట అటూఇటూ తిప్పేవాణ్ణి. మా తేమకి టేపుల మీద తెల్లగా బూజు పట్టేది. బూజు క్యాసెట్టు ఒక్కటి తిరిగితే హెడ్డు పాడయ్యేది, ఆ హెడ్డు తర్వాతి క్యాసెట్టుని పాడుచేసేది.

ఇక దొంగతనం. 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, దొంగ కాపీలకి ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా పెట్టారు. సెన్సార్ సర్టిఫికెట్టూ హక్కుదారు పేరూ క్యాసెట్లో చూపించాలన్నారు. మా అరల్లో అలాంటివి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. తనిఖీ అని తెలిస్తే కొత్త సినిమాలన్నీ వెనకింటి కొబ్బరికాయల రాశి కిందకి పోయేవి. మోసింది నేనే కాబట్టి ఎవర్నీ అనను. నిర్మాతకి మేం ఒక్క పైసా ఇవ్వలేదన్నది నిజం.

పెళ్ళి వీడియోలు కూడా మేమే తీసేవాళ్ళం. క్యాసెట్టు వెనక అంచున చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది విరగ్గొడితే దాని మీద మళ్ళీ రికార్డు కాదు. ఒకసారి విరగ్గొట్టడం మరిచాను. ముక్తేశ్వరం వాళ్ళ పెళ్ళిలో సరిగ్గా మంగళసూత్రం దగ్గర ఫైటింగ్ సీను ఎక్కేసింది. ఓనరు డబ్బు వెనక్కివ్వబోతే పెళ్ళికూతురి తండ్రి తీసుకోలేదు. నా వైపు చూసి, ‘తాళి మళ్ళీ కట్టమంటావేంట్రా?’ అన్నాడు.

1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి, వెనకే ఇంటింటికీ కేబుల్ తీగ, ఆపైన సీడీలు. షాపు మూతపడింది. సినిమాలకేం, ఇప్పుడు ఫోన్లోనే ఉన్నాయి. పోయేవి పెళ్ళి క్యాసెట్లే, వాటికి రెండో కాపీ ఎక్కడా లేదు. మీ బీరువాలో ఒకటుంటే మూత ఎత్తి చూడండి. టేపు మీద తెల్లటి పొడి కనిపిస్తే డెక్కులో పెట్టకండి, శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళకివ్వండి. ఆఖరుదాకా వీసీఆర్‌లు చేసిన జపాను కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో తయారీ ఆపేసింది. ఈ వర్షాకాలం రాకముందే ఆ పని చూడండి.