తప్పిపోయిన పిల్లలు, ఎత్తుకుపోయేవారు: పాలమూరు నేలపై ఒక వెదుకులాట కథ చరిత్ర

2018 వేసవిలో గద్వాల, వనపర్తి జిల్లాల గ్రామాల్లో తిరుగుతున్న పోలీసు కానిస్టేబుళ్లు ఒక చిన్న మార్పును గమనించారు. ఎండకాలం రాత్రుళ్లు వాకిట్లో, అరుగుల మీద మంచాలు వేసుకొని పడుకొనే జనం ఆ ఏడు ఉక్కపోతను భరిస్తూ ఇళ్లలోనే తలుపులు బిగించుకొని పడుకొంటున్నారు. కారణం విచారిస్తే సెల్‌ఫోన్లు బయటికి వచ్చాయి. పిల్లలను ఎత్తుకుపోయి, చంపి, అవయవాలు అమ్ముకొనే 'పార్థీ గ్యాంగ్' దిగిందని వాట్సాప్ సందేశాలు, వాటి వెంట భయంకరమైన దృశ్యాలు. ఆ సందేశాలు చెప్పిన ముఠా అబద్ధం. భయం మాత్రం నిజం.

పిల్లల అపహరణ, వారి కోసం వెదుకులాట అన్న కథాంశం ఇటీవలి తెలుగు నేరపరిశోధక చిత్రాల్లో బలంగా కనబడుతున్నది. దానిని తెరకు సంబంధించిన విషయంగానే చూడడం పరిపాటి. అదే కథ పాలమూరు నేల మీద సినిమాకు ముందు, సినిమాకు బయట ఎట్లా నడిచిందో చూస్తే, ఎవరిని 'తప్పిపోయిన' పిల్లలంటున్నాము, ఎవరిని అనడం లేదు అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు పరిమితం.

ముందుగా మాట సంగతి. పిల్లవాడు 'తప్పిపోయాడు' అన్నప్పుడు క్రియకు కర్త పిల్లవాడే. 'ఎత్తుకుపోయారు' అన్నప్పుడు కర్త మరొకడు, సాధారణంగా బయటివాడు. పత్రికల్లోని 'కనబడుటలేదు' ప్రకటనలో కర్తృత్వం ఎవరిదో తేలదు. అన్నం తినని పిల్లవాణ్ణి బెదిరించడానికి తల్లి చెప్పే బూచోడు రెండో క్రియకు చెందినవాడు. మన కథాసంప్రదాయం కూడా ఎక్కువగా ఆ రెండో క్రియనే ఆశ్రయించింది.

బాలనాగమ్మ కథ ఇందుకు మంచి ఉదాహరణ. మాయల మరాఠీ భిక్షకునిగా గడపలోకి వచ్చి ఆమెను అపహరించుకుపోతాడు. కొడుకు బాలవర్ధి పెరిగి పెద్దవాడై తల్లిని వెదుక్కుంటూ పోతాడు. ఇక్కడ తప్పిపోయినది తల్లి, వెదికేది బిడ్డ. 1942లో జెమిని సంస్థ సి. పుల్లయ్య దర్శకత్వంలో దీనిని చిత్రంగా తీసింది. కాంచనమాల బాలనాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీగా నటించారు. సీతాపహరణంలో వలెనే ఇక్కడా అపహర్త భిక్షువు వేషంలోనే వస్తాడు. పేరులోనే అతడు మరాఠీ, అంటే పరాయి భాషవాడు. ఈ కథను ఊరూరా పాడినవారిలో బుడిగె జంగాలు ముఖ్యులు. సంచారజీవులు, భిక్షాటన వృత్తిగా గలవారు. భిక్షకుడు ఎత్తుకుపోయే కథను భిక్షకుడే పాడగా, ఊరు అతనికి గింజలు పోసి విన్నది. కథలోని అపహర్తను, వాకిట నిలిచిన గాయకుణ్ణి వేరుచేసి చూడగల విజ్ఞత ఆ శ్రోతలకుండేది. గాయకుని ముఖం వారికి తెలుసు. ఏటేటా వచ్చేవాడు.

2018లో ఆ ఎరుక తెగిపోయిన చోటనే హత్యలు జరిగాయి. మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురు బలయ్యారు. వారు నాథపంథీ డవరి గోసావీలు, అంటే సంచార భిక్షకులే. జూలై 13న బీదర్ జిల్లా ముర్కీ వద్ద హైదరాబాదు నుండి వెళ్లిన ఒక యువ ఇంజనీరు మరణించాడు. పిల్లలకు చాక్లెట్లు పంచడమే ఆ బృందం మీద అనుమానానికి కారణమైంది. వదంతిలోని 'పార్థీ' అనే పేరుకూ ఒక గతం ఉన్నది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం పరిధిలోకి తెచ్చి పార్ధీలను పుట్టుకతో నేరస్థులుగా వలస ప్రభుత్వం ముద్ర వేసింది. ఆ చట్టం 1952లో రద్దయింది కాని, పేరు మీది ముద్ర రద్దు కాలేదు.

ఆనాడు దేశమంతటా తిరిగిన దృశ్యాల్లో ఒకటి సినిమా విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగినది. మోటారుసైకిలు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకొంటున్న పిల్లల్లో ఒకణ్ణి ఎత్తుకొని పోతారు. నిజానికి అది కరాచీలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ చైతన్యం కలిగించడానికి తీసిన లఘుచిత్రం. మూలంలో వారు పిల్లవాణ్ణి తిరిగి తెచ్చి దింపి, హెచ్చరిక రాసిన అట్టను చూపుతారు. ఆ ముగింపును కత్తిరించి పంచారు. తప్పిపోయిన పిల్లల పట్ల సానుభూతితో తీసిన చిత్రమే, చివరి కొన్ని క్షణాలు పోయేసరికి, అపరిచితుల ప్రాణం మీదికి వచ్చింది. కథనశాస్త్రంలో ముగింపునకున్న బలాన్ని గురించి ఇంతకన్న క్రూరమైన నిదర్శనం ఈ వ్యాసకర్తకు తెలియదు.

గద్వాల, వనపర్తి జిల్లాల్లో మాత్రం ఆ వేసవిలో ఒక్క ప్రాణమూ పోలేదు. రెండు జిల్లాల్లోని సుమారు 400 గ్రామాల బాధ్యత చూస్తున్న ఎస్పీ రెమా రాజేశ్వరి వదంతికి జవాబుగా మరొక సందేశం పంపి ఊరుకోలేదు. ఊరికొక పోలీసును కేటాయించారు. అతడు గడపగడపకూ వెళ్లి, వచ్చిన వీడియో అబద్ధమని చెప్పాలి. డప్పు కొట్టి చాటింపు వేయించారు, జానపద బాణీల్లో పాటలు కట్టించి కళాబృందాల చేత పాడించారు. ఫోనులో ముఖం లేకుండా వచ్చిన కథకు ముఖం తెలిసిన మనిషి ఊరి నడుమ నిలబడి జవాబు చెప్పాడు. వాట్సాప్ సంస్థ ఒక సందేశాన్ని భారతదేశంలో ఐదుగురికి మించి ఒకేసారి పంపకుండా కట్టడి ప్రకటించినది ఆ తర్వాత, జూలైలో. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగల సాయన్న, మియాసాబ్ కథలు పాడిన దర్శనం మొగిలయ్య వంటి వారిని కన్న నాగర్‌కర్నూలు పక్కనే ఉండగా, ఈ పద్ధతిని పోలీసు శాఖ కొత్త ఆవిష్కరణగా చెప్పడం కంటె, ఉన్న సంప్రదాయాన్ని సకాలంలో గుర్తించడమని చెప్పడం సబబు.

బయటివాడంటే ఇంత జంకు ఈ నేలకు పట్టడంలో ఒక విషాదముంది. గద్వాల, వనపర్తి సంస్థానాలుగా ఉన్ననాడు దేశం నలుమూలల నుండి వచ్చిన పండితులను ఆదరించిన ప్రాంతమిది. ఆ తర్వాతి కాలంలో 'పాలమూరు లేబర్' అన్న పేరుతో గుంపు మేస్త్రీల వెంట ఆనకట్టలకు, కాలువలకు, నగరాల కట్టడాలకు తరలిపోయిన ప్రాంతమూ ఇదే. పరాయి ఊళ్లో, భాష రాని చోట, అనుమానపు చూపుల నడుమ గుడిసె వేసుకొని బతకడం ఎట్లాంటిదో పాలమూరుకు తెలిసినంతగా తెలిసిన ప్రాంతాలు తెలుగు నేలపై తక్కువ.

ఇక తెర మీదికి వస్తే రెండు చిత్రాలు చాలు. 2019లో రమేష్ వర్మ దర్శకత్వంలో వచ్చిన 'రాక్షసుడు' తమిళ 'రాక్షసన్'కు పునర్నిర్మాణం. బడి పిల్లలైన బాలికల అపహరణలు, హత్యలు ఇందులో కథావస్తువు. కథనం బిగువుగా నడుస్తుంది. కాని హంతకుణ్ణి చిత్రించడంలో, అకాల వార్ధక్యపు వ్యాధి వల్ల మారిన అతని రూపమే భయానికి ఆధారమవుతుంది. వింతగా కనబడేవాడే ప్రమాదకారి అన్న తర్కమే వదంతికి కూడా ఆధారం. ఈ పోలికను సమీక్షకులు తగినంతగా పట్టించుకోలేదనిపిస్తుంది.

2016 నాటి 'క్షణం' (దర్శకుడు రవికాంత్ పేరేపు) ఇందుకు భిన్నం. తన పాప అపహరణకు గురైందని పూర్వ ప్రేయసి పిలవగా, అమెరికా నుండి రిషి హైదరాబాదు వస్తాడు. వెదకబోతే అసలు ఆ పాపే లేదని అందరూ అంటారు. పాప ఉన్నదని నిరూపించడమే వెదుకులాటలో మొదటి మెట్టు అవుతుంది. చివరకు ఆ పాప తన కూతురేనని అతనికి తెలుస్తుంది. ఉన్న బిడ్డను లేదంటారన్న ఈ ఊహ, 2018 వదంతికి సరిగ్గా తలకిందులు. అక్కడ జరగని అపహరణను ఊరంతా నమ్మింది. ఇక్కడ జరిగిన అపహరణను ఊరంతా కాదంటున్నది.

నడిగడ్డలో 'క్షణం'లోని స్థితి కల్పన కాదు. 1970లో గుజరాత్‌లో విడుదలైన హెచ్-4తో మొదలైన సంకర పత్తి విత్తనోత్పత్తి క్రమంగా దక్షిణానికి విస్తరించి, కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల ప్రాంతాన్ని సీడ్ పత్తికి దేశంలోనే పెద్ద కేంద్రం చేసింది. ఈ పంటలో సాయంత్రం ఆడ మొక్క మొగ్గలోని పుప్పొడి తిత్తులను చేతితో తీసివేసి, మరునాటి ఉదయం మగ మొక్క పువ్వుతో దానిని రుద్దాలి. మొగ్గ తరువాత మొగ్గ, నెలల తరబడి. ఈ పనికి చిన్న వేళ్లు అనువని చెప్పి బాలికలను దించారు, తల్లిదండ్రులకు ముందుగా అడ్వాన్సులిచ్చారు. బాలికలు హాజరుపట్టీలో ఉంటారు, బడిలో ఉండరు. వారిని ఎవరూ ఎత్తుకుపోలేదు, వారు తప్పిపోనూ లేదు. కాబట్టి వారి కోసం 'కనబడుటలేదు' ప్రకటన రాదు. తెలుగులో వారి స్థితికి ఉన్న మాట 'బడి మానేసింది'. ఈ వాక్యంలో మళ్లీ కర్త ఆ పిల్లే.

చట్టమూ ఈ వ్యాకరణాన్నే అనుసరించింది. తప్పిపోయిన బిడ్డ గురించి ఫిర్యాదు వస్తే విధిగా కేసు నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013 మే 10న 'బచ్‌పన్ బచావో ఆందోళన్' వ్యాజ్యంలో ఆదేశించింది. ఫిర్యాదు చేయవలసినవారే పనికి పంపినవారైతే ఆ ఆదేశానికి దారి ఉండదు. 2016 సవరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లల పనిని నిషేధిస్తూనే, బడివేళల తర్వాత కుటుంబానికి సాయపడటాన్ని మినహాయించింది. సొంత చేనులో సీడ్ పత్తి వేసిన రైతు కూతురు పొద్దున మొగ్గల దగ్గర ఉంటే అది సాయమా, పనా అన్నది తేల్చగలిగేది హాజరుపట్టీ ఒక్కటే.

తప్పిపోయిన పిల్లలను, పనిలో మగ్గుతున్న పిల్లలను వెదకడానికి తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో 'ఆపరేషన్ స్మైల్', జూలైలో 'ఆపరేషన్ ముస్కాన్' నిర్వహిస్తున్నారు. నడిగడ్డ చేలలో మొగ్గ పని ఊపందుకొనేది ఆగస్టు తర్వాత. జనవరి వచ్చేసరికి అది ముగిసి ఉంటుంది.